పిలిస్తే వచ్చిన తోడు

పోయిన నెలలో ఒక సాయంత్రం, ఇక్కడ మలేషియాలో, సుంగై పెటానిలో మా అమ్మాయి ఇంటి వంటగదిలో కూర్చుని మునగాకు దూస్తున్నాను. వాన కురిసి వెలిసింది. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కనుక పక్కింట్లో చెంచా కింద పడినా మాకు వినబడుతుంది. ఆ ఇంటివాళ్ళు తమిళ క్రైస్తవులు. ఆవేళ వాళ్ళింట్లో ప్రార్థన. పాటలయ్యాక బోధకుడు కాసేపు తమిళంలోనూ కాసేపు ఇంగ్లీషులోనూ చెబుతూ పోతుంటే నేను పట్టించుకోకుండా నా పని నేను చేసుకుంటున్నాను. ఇంతలో తమిళమూ కాని, ఇంగ్లీషూ కాని ఒక మాట గోడ దాటి నా చెవిన పడింది. పరాక్లేటోస్.

చేతిలో రెమ్మ చేతిలోనే ఉండిపోయింది. మా అమ్మాయి పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసి, "ఏటమ్మా అలగుండిపోనావు? ప్రెషర్ మాత్ర ఏసుకోలేదా లా?" అని, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి అడిగింది. వేసుకున్నానని చెప్పాను. ఇంకేం చెప్పను? సింహాచలం అప్పన్న పటానికి రోజూ దీపం పెట్టే ఈ ముసలిదానికి బైబిలులోని గ్రీకుమాట ఒకటి పడుచుతనం నుంచీ తెలుసునని, ఆ మాట వింటే మా నాన్న ముఖం కనబడుతుందని చెబితే దానికి అర్థమవుతుందా? మీరు నా ఈడువాళ్ళు, ముళ్ళకంచె లోపల అన్నం తిని పెరిగినవాళ్ళు, మీకు చెబితే తెలుస్తుంది.

మాది సుంగై సుమున్ దగ్గర ఒక కొబ్బరి తోట. మీలో రబ్బరు తోటల్లో పెరిగినవాళ్ళకి ఆ లోకం తెలియదు. నేలంతా కాలువలే, కోసిన కాయల్ని ఆ కాలువల్లో తేలవిడిచి, గట్టు మీద నడుస్తూ వెదురుగడతో తోసుకుంటూ కొబ్బరి ఎండబెట్టే కొట్టం దాకా తీసుకుపోయేవారు. పొద్దున్నే మంచులో వందల కాయలు ఒకదాన్నొకటి మెల్లగా తాకుతూ, ఏదో చెప్పుకుంటున్నట్టు చిన్న చప్పుడు చేస్తూ సాగిపోతుంటే నేను బడికి వెళ్ళడం మరిచి నిలబడిపోయేదాన్ని. బడికి అంటే చదువుకోవడానికి కాదు. అప్పటికి నాకు పద్దెనిమిదో ఏడు, తోటలోని తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే ఉద్యోగం కొత్తగా వచ్చింది. మా నాన్న కొట్టంలో పొగ దగ్గర పనిచేసేవాడు. ఆయన చొక్కాలు ఎన్ని ఉతికినా తియ్యటి పొగ వాసనే వేసేవి.

తోట చివర సముద్రపు పోటు లోపలికి రాకుండా కట్టిన గట్టు, గట్టుకి ఒక తూము, తూము పక్కన చిన్న గుడిసెలో ఒక చీనా ముసలాయన ఉండేవాడు. పోటు వచ్చేవేళ తలుపు దించడం, తీసినప్పుడు ఎత్తడం ఆయన పని. మేమంతా తూము తాత అనేవాళ్ళం. జపానువాళ్ళు ఏలిన రోజుల్లో తోటలో బియ్యమనేది కనబడనప్పుడు ఆ తాత తన గుడిసె చుట్టూ వేసుకున్న కర్రపెండలం తవ్వి, గట్టు కింద పట్టిన చేపలు కలిపి మా ఇంటికి పంపబట్టే నేనూ మా తమ్ముడూ బతికామని అమ్మ చెప్పేది.

ఇక అడవిలో చేరిన కమ్యూనిస్టుల మీద బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ వచ్చింది. దాని సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. చెల్లాచెదురుగా ఉన్న కూలీల లైనిళ్ళన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు; చీకటి పడితే కర్ఫ్యూ; పొద్దున్న పనికి పోయేటప్పుడు గేటు దగ్గర ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ వేరువేరుగా నిలబెట్టి వెతికేవారు. అడవిలో తుపాకులతో దాక్కున్నవాళ్ళకి తిండి అందకూడదని, వండిన మెతుకు కూడా గేటు దాటకూడదన్నారు. తూము తాతని కూడా లారీ ఎక్కించి, మిగతా చీనావాళ్ళతో పాటు దూరంగా కొత్తగా కట్టిన ఊరికి తరలించారు. తూముకి తోటలోంచే ఒకతన్ని పెట్టారు.

తాత అక్కడ ఉండలేకపోయాడు. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా తన గుడిసెకి తిరిగి వచ్చేసి, వచ్చిన మర్నాడే జ్వరంతో పడిపోయాడు. కొబ్బరి డొక్కలు పారబోయడానికి అటు వెళ్ళిన నాన్న ఆయన్ని చూశాడు. చూసినవాడు ఇంటికొచ్చి మాకు ఎవరికీ చెప్పలేదు. అమ్మ కట్టిన అన్నంలోంచి కొంత తీసి, టీ తీసుకెళ్ళే తగరపు డబ్బాలో అడుగున పెట్టి, పైన టీ ఆకులు కప్పి గేటు దాటించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు సాగింది. ఒక పొద్దున్న గేటు దగ్గర కొత్త పోలీసు డబ్బాని బోర్లించాడు.

నాన్నని జీపులో తెలుక్ అన్సన్ పోలీసుస్టేషనుకి తీసుకుపోయారని బడికి కబురొచ్చేసరికి పిల్లలు కోరస్‌గా గుణింతం చదువుతున్నారు. ఇంటికి పరుగెత్తాను. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, ఏడవడం లేదు. ఆశ్చర్యమేమిటంటే లైన్లలో ఏ తలుపూ తెరుచుకోలేదు. మా మేనమామ ఇల్లు మా ఇంటికి మూడోది. ఆయన కిటికీ మూసుకుని లోపలే ఉండిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆ రోజుల్లో విచారణ లేకుండా తీసుకుపోయినవాళ్ళు కొందరు ఏళ్ళ తరబడి రాలేదు, కొందరిని ఓడెక్కించి ఇండియా పంపేశారు. అనుమానం అంటువ్యాధిలా ఉండేది. అమ్మ కూడా ఎవరినీ పిలవలేదు. మన మంట ఇంకొకరి ఇంటికి అంటించకూడదని ఆమె పంతం.

ఆ మధ్యాహ్నం సైకిలు మీద ఒకాయన వచ్చాడు. లైన్లలో ఉన్న కొద్దిపాటి తెలుగు క్రైస్తవ కుటుంబాలకి బోధ చేయడానికి యుద్ధం తరువాత విశాఖపట్నం వైపునుంచి వచ్చిన పాస్టరుగారు. అందరూ అయ్యగారు అనేవారు. పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ గొడుగుతో ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మతం మార్చేస్తాడని అమ్మకి ఆయనంటే మొదట్నుంచీ గిట్టదు. బడి కోసం నేను ఆయన దగ్గర తెలుగు పుస్తకాలు ఎరువు తెచ్చుకుంటే గుమ్మం బయటే పెట్టించేది. ఆయన వస్తుంటే చెంబుతో నీళ్ళైనా ఇచ్చిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. సైకిలు ఆపి, అరుగు ఎక్కకుండా, ఎండలో గొడుగు కింద నిలబడ్డాడు.

"మీకేటి బాబూ ఇక్కడ పని? ఎల్లిపోండి. మిమ్మల్నీ అట్టుకుపోతారు" అంది అమ్మ.

"తెలుసమ్మా" అన్నాడాయన. వెళ్ళలేదు.

"వచ్చి ఏటి సేస్తారు మీరు?"

"ఏమీ చేయలేకపోవచ్చు. పక్కన నిలబడగలను. నువ్వు రమ్మంటేనే వస్తాను, వద్దంటే ఇలాగే వెళ్ళిపోతాను."

 కాలువలో కాయలు తోసుకుపోయే చప్పుడు వినబడుతోంది. ఆ ఎండలో ఆయన గొడుగు నీడ గుండ్రంగా కాళ్ళ చుట్టూ ఉంది. ఉన్నట్టుండి అమ్మ లేచి, కొంగు నడుముకి దోపి, ఎవరినీ ఏదీ అడగని మా అమ్మ అంది: "రండి బాబూ. మాతో రండి. నాకు ఆళ్ళ మాట తెల్దు."

ఆ మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. స్టేషనులో బల్ల వెనక ఒక తెల్ల అధికారి, ఆయన పక్కన దుబాసీగా ఒక తమిళ కుర్రవాడు, నల్లకళ్ళద్దాలతో, ఇస్త్రీ బట్టలతో. నాన్నని తీసుకొచ్చారు. ఒక్క రాత్రిలో మనిషి చిన్నవాడైపోయినట్టు కనబడ్డాడు. మేము గోడవారగా నిలబడ్డాం. అయ్యగారు మాత్రం అధికారిని ఇంగ్లీషులో అనుమతి అడిగి, నాన్న పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. నాన్న తల తిప్పి ఆయన్ని చూసి, ఒక నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు గోడ దగ్గరున్న నాకు కూడా వినబడింది.

అన్నం ఎవరికి తీసుకెళ్ళావని దుబాసీ తమిళంలో అడిగాడు. నాన్నకి సంతలో సరిపోయేంత తమిళం వచ్చుగానీ, భయపడితే మన మాటే వచ్చేది. "ఆ ముసిలోడు ఆళ్ళ మడిసి కాడు బాబూ" అన్నాడు. దుబాసీ రాసుకుని అధికారికి ఏదో చెప్పాడు. అధికారి ముఖం గట్టిపడింది. మళ్ళీ అడిగారు. నాన్న చేతులు జోడించి, "కాడు బాబూ! ఆడు కాడు! కాడు!" అని ఏడుస్తూ చెబుతున్న కొద్దీ అక్కడ గాలి బరువెక్కిపోతోంది. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

అయ్యగారికి అర్థమైంది. మన 'కాడు' అనే మాట, కాదు అనడానికి మనమనేది, తమిళుల చెవికి అచ్చంగా అడవి. అడవి మనిషి కాదు మొర్రో అని నాన్న మొత్తుకుంటుంటే, అవును అడవి మనిషికే, అడవికే, అడవికే అని ముందురోజు నుంచీ కాగితం మీద ఎక్కుతోంది. ఆయన గొంతు పెంచలేదు. ముందు దుబాసీ వైపు తిరిగి తమిళంలో మెత్తగా చెప్పాడు: "తంబీ, ఇది నీ తప్పు కాదు. మా భాషలో ఆ మాటకి అర్థం వేరు." తరవాత అధికారికి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ కుర్రవాడు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, "ఐయో" అని, అధికారికి తనే మళ్ళీ వివరించాడు.  మంచి పిల్లవాడు.

గుడిసెకి మనుషుల్ని పంపారు. జ్వరంతో మాటలేకుండా పడున్న ముసలాయనా, ఎండిన మెతుకులంటిన ఒక చిప్పా తప్ప అక్కడ వాళ్ళకేమీ దొరకలేదు. తాతని ఆసుపత్రిలో వేశారు. అన్నం గేటు దాటించడం నేరమే కనుక నాన్నని ఊరికే వదిలేది లేదన్నారు, పూచీ కావాలన్నారు. అయ్యగారు సంతకం పెట్టాడు. ఇంకోసారి ఈ మనిషి ఇలా చేస్తే నిన్నూ లోపల వేస్తామని అధికారి అంటే, ఆయన తల ఊపి, జేబులో కలం పెట్టుకుని, నాన్న చెయ్యి పట్టుకున్నాడు. బస్సులో అమ్మ తన దగ్గరున్న ఒక్క అరటిపండునీ ఒలిచి ముందు ఆయనకే ఇచ్చింది.

తోటని నడిపించే తెల్లదొరకి ఈ సంగతంతా నచ్చలేదు. అయ్యగారు తోట గేటులోపలికి రాకూడదని హుకుం ఇచ్చాడు. ఆ తరువాత చాలా ఆదివారాలు క్రైస్తవ కుటుంబాలు కంచెకి లోపల, ఆయన కంచెకి బయట కాలువ ఒడ్డున నిలబడి పాటలు పాడుకునేవారు. గేటు దగ్గరి మలాయి పోలీసు ఒకాయన చుట్ట కాల్చుకుంటూ సరిగ్గా ఆ వేళకి అటువైపు తిరిగి నిలబడేవాడు. సాయంత్రపు ఎండ పసుపుగా నీళ్ళ మీద పరుచుకునేది. పాట ముందు బయటినుంచి వచ్చేది, తరవాత లోపలినుంచి బదులు వెళ్ళేది. నేనూ ఒక పక్కగా నిలబడి వినేదాన్ని, అమ్మ వద్దనడం మానేసింది.

అలాంటి ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన్ని అడిగాను, ఆ రోజు మా కోసం ఎందుకు అంత తెగించారని. ఆయన నవ్వి, ఒక పుల్ల తీసుకుని, పోటు తీసిన కాలువ బురదలో ఒక మాట రాశాడు. వంకర వంకరగా, నేను ఎన్నడూ చూడని అక్షరాలు. దాని కింద తెలుగులో రాశాడు: పరాక్లేటోస్. తరువాత మధ్యలో ఒక గీత గీశాడు. మొదటి ముక్కకి అర్థం పక్కన. రెండో ముక్కకి అర్థం పిలవబడినవాడు.

ఆయన మెల్లగా, ఎవరికో కాక తనకే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. బైబిలును గ్రీకులో రాసిన కాలంలో, ఒకడి మీద నేరం మోపితే వాడు తన వాడనుకున్న ఒకణ్ణి పిలుచుకునేవాడట; ఆ వచ్చినవాడు పక్కన నిలబడి వాడి తరఫున మాట్లాడేవాడు. డబ్బు తీసుకునే వకీలు కాదు, స్నేహితుడు. యేసు తన శిష్యుల్ని విడిచి వెళ్ళేముందు, మీరు అనాథలు కారు, ఇంకొకడు వస్తాడని చెప్పినప్పుడు వాడిన మాట అదే. పరిశుద్ధాత్మకి పెట్టిన పేరు అది. మన తెలుగులో పెద్దలు దాన్ని ఒకచోట ఆదరణకర్త అన్నారు, ఇంకోచోట ఉత్తరవాది అన్నారు. రెండూ మంచివే. అయితే మొదటిది వింటే కన్నీళ్ళు తుడిచే చెయ్యి కనబడుతుంది, రెండోది వింటే కోర్టులో మాట్లాడే నోరు కనబడుతుంది. గ్రీకులో అవి రెండూ ఒకే మనిషి.

"దేవుడు కష్టం తీసేస్తాడని నేను చాలా ఏళ్ళు చెప్పానమ్మా" అన్నాడు. "నా భార్య పోయినప్పుడు తీయలేదు. పక్కన మాత్రం ఎవరో ఉన్నారు. ఆ గదిలో నేను ఒంటరిగా లేను. ఈ కాలువ ఎంత నిజమో, అది నాకు అంత నిజం. అప్పుడే ఈ మాట నాకు అర్థమైంది."

నేను తోడు అనొచ్చా అని అడిగాను.  తోడు చాలా దగ్గరి మాటేనని, అయితే గ్రీకుమాటలో సగం పిలుపే ఉందని అన్నాడు. ఆయన మా గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డా, అమ్మ రమ్మని పిలిచేదాకా ఆ మాట పూర్తి కాలేదట. "ఎవరినీ పిలవని మనిషి పిలిచింది చూడు, ఆ రోజు నేను చేసినదానికంటే అది కష్టం. దేవుడు కూడా అలా గొడుగేసుకుని నిలబడే ఉంటాడనుకుంటాను, తలుపు తోసుకుని రాడు" అన్నాడు. నేను క్రైస్తవురాలిని కాలేదు, ఆయన అవ్వమననూ లేదు. ఆ రోజునుంచి మాత్రం అప్పన్నకి దండం పెట్టేటప్పుడు ఇది కావాలి అది కావాలి అని అడగడం మానేసి, దగ్గర ఉండు తండ్రీ అనడం అలవాటైంది.

పోటువేళకి తూము తలుపు దించినట్టున్నారు, మేము చూస్తుండగానే కాలువ నీళ్ళు మెల్లగా ఎక్కి ముందు తెలుగునీ, తరవాత గ్రీకునీ కలిపేసుకున్నాయి.

తరువాత దొర మారాడు, మా వైపు కట్టుబాట్లు సడలాయి, అయ్యగారు మళ్ళీ లోపలికి రాసాగాడు. మెర్దెకా రోజున, ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, లారీల్లో అందరం పట్నం మైదానానికి వెళ్ళాం. వాన పడుతూ ఆగుతూ ఉంది. తడిసిన కొత్త జెండా స్తంభానికి అంటుకుపోయి, గాలి వచ్చినప్పుడు ఒక్కసారి విప్పుకునేది, అప్పుడు జనమంతా హోరుమనేవారు. నాన్న అయ్యగారి గొడుగు తను పట్టుకున్నాడు. జ్వరం తగ్గి కొత్త ఊళ్ళోనే స్థిరపడిపోయిన తూము తాత ఎండుచేపల కట్ట మోసుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, అమ్మ చేతిలో పెట్టి, తన భాషలో ఏదో చెప్పాడు. మాకు ముక్క అర్థం కాలేదు. నాన్న మాత్రం అంతా తెలిసినట్టు తల ఊపుతూ విన్నాడు.

అయ్యగారికి గుండెలో నీరు చేరింది రెండేళ్ళ తరవాత. ఎందరి పక్కనో నిలబడిన ఆ మనిషి తనకోసం ఎవరినీ పిలిచి ఎరగడు. ఆసుపత్రి నుంచి ఒక నర్సు ద్వారా కబురు పంపాడు, మా అమ్మని రమ్మని. అమ్మ చేస్తున్న పని అలాగే వదిలి బయలుదేరింది. ఆ మంచం పక్కన బల్ల మీద కూర్చుని, తాటాకు విసనకర్రతో విసురుతూ, పెదాల మీద అప్పన్న పేరు చెప్పుకుంటూ, ఆయన కళ్ళు తెరిచినప్పుడల్లా "ఇక్కడే ఉన్నాను బాబూ, ఎక్కడికీ ఎల్లనేదు" అనేది. నేను ఆయన పుస్తకంలోంచి ఆయన అడిగిన అధ్యాయం చదివాను. చదువుతుంటే ఆయన అమ్మ వైపు చూసి, నా వైపు చూసి, కళ్ళతో నవ్వాడు. మాట్లాడే ఓపిక లేదు. ఒక మధ్యాహ్నం, బయట పిల్లలు బడి వదిలి అరుచుకుంటూ పోతుండగా, ఆ నవ్వుతోనే పోయాడు.

సమాధి దగ్గర మట్టి వేసి ఇంటికొచ్చాక అమ్మ తలకి పోసుకుంది. పెద్దకర్మ రోజుదాకా మా ఇంట్లో దీపం పెట్టలేదు, తీపి వండలేదు. లైన్లలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు, కిరస్తానీ పాస్టరుకి మనం మైల పట్టడమేమిటని. మేనమామే వచ్చి అడిగాడు. అమ్మ చీపురు ఆపకుండా, "తోడబుట్టినోడు పోనాడు. మైల అట్టరా మరి?" అంది. ఆయన వెళ్ళి, సాయంత్రం అమ్మ కోసం చప్పిడి కూర వండించి తనే తెచ్చి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ తోటలో కొబ్బరి లేదు, పామాయిలు చెట్లు వేశారు. లైనిళ్ళు పడగొట్టారు. మనవాళ్ళంతా ఫ్యాక్టరీలున్న ఊళ్ళకీ పట్నాలకీ చేరి, మంచి ఇళ్ళు కట్టుకుని, ఇనప గేట్లు వేసుకున్నాం. మంచిదే, ఎవరూ మన అన్నం డబ్బా బోర్లించి చూడరు. ఎవరికైనా కష్టం వస్తే ఫోనులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడతాయి, ఏం కావాలన్నా చెప్పండి అని రాస్తారు, నిజంగానే చెబితే చేస్తారు కూడా. మా పిల్లలు మంచివాళ్ళు. చెప్పడమే మనకి చేతకావడం లేదు. మొన్న మోకాలు పట్టేసి స్నానాలగది గడప దగ్గర కూర్చుండిపోయినప్పుడు మా అమ్మాయి పక్కగదిలోనే ఉంది, మీటింగులో ఉందని పిలవలేదు. గోడకి ఆనుకుని, నొప్పి తగ్గేదాకా అలాగే ఉన్నాను. అప్పుడు నోటికి వచ్చిన పిలుపులన్నీ అమ్మా, నాన్నా, మామా అనేవే. వరసలన్నీ నోట్లో భద్రంగా ఉన్నాయి, ఓయ్ అని పలికేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.